గాలి నిలువని అల్లాయ్ చక్రములు
(ఒక గ్రామ సభలో చేసిన ప్రసంగ పాఠము)



 లోపలికి వచ్చుచు, బయట చెట్టు క్రింద నిలిపిన బండ్లను ఒకమారు లెక్కించితిమి. మోటారు సైకిళ్లు, స్కూటర్లు కలిపి ముప్పదియారు, కార్లు అయిదు ఉన్నవి. మోటారు సైకిళ్లలో నాలుగింటికి మాత్రమే ఊచల చక్రములు కనబడినవి. తక్కినవానిలో చాలవరకును, కార్లలో మూడింటికిని అల్యూమినియపు మిశ్రలోహముతో పోతపోసిన చక్రములున్నవి. అల్లాయ్ చక్రములని మనమందరము పిలుచునవి అవియే. వానిలో రెండు బండ్ల వెనుక చక్రములు సగము గాలితో, అలసిన ఎద్దువలె క్రుంగి నిలిచియున్నవి. అవి ఎవరివో మేము అడుగబోము. ప్రతి మూడు దినములకొకసారి గాలి కొట్టించుకొనుచున్న వారికి ఆ సంగతి మాకంటె బాగుగా తెలిసియే యుండును.

మేకు దిగి ఒక్కసారిగా గాలి పోయినచో ఎవరైనను వెంటనే పంక్చరు వేయించుకొందురు. నెమ్మదిగా తరిగిపోవు గాలి అట్టిది కాదు. అది మనిషిని బద్ధకస్థునిగా చేయును. "ఆదివారము కొట్టించితిమి, మరల ఆదివారము కొట్టింతము" అనుకొనుచు నెలలు గడుపుదురు. మా యింటి ప్రక్కవారు అట్లే గడిపిరి. కారు ముందు చక్రములో గాలి తగ్గుచున్నదని వారికి మూడు నెలలుగా తెలియును. ఒక వానకాలపు రాత్రి రెండు గంటలకు ఇంటి పెద్దాయనకు గుండెలో నొప్పి వచ్చినది. పరుగున పోయి చూడగా ఆ చక్రము నేల కరచియున్నది. అదనపు చక్రము, అనగా స్టెప్నీ, తీసి బిగించిరి. అందులోను గాలి లేదు. అవతలి వీధినుండి ఒక ఆటోను లేపి తెచ్చుటకు నలుబది నిమిషములు పట్టినది. పెద్దాయన దైవవశమున బ్రతికి బయటపడెను. మరునాడు ఆ చక్రమును మేమే పరీక్షించితిమి. ఇరువది రూపాయలు కూడ చేయని వాల్వు పిన్నులో ఇసుక రేణువొకటి ఇరుకుకొనియున్నది. మూడు నెలల ఆలస్యమునకు అదియే కారణము.

ఇంకొక ప్రమాదము దారిలో ఉన్నది. గాలి తక్కువైన టైరు ప్రక్క గోడలు ప్రతి చుట్టునకును ఎక్కువగా వంగి లేచును. ఆ వంగుటవలన వేడి పుట్టును. ఏప్రిల్, మే నెలల ఎండలో, నలుగురు మనుషులు ఎక్కిన బండి వేగముగా పోవుచుండగా ఆ వేడి లోపలి పొరలను విడదీయును. జాతీయ రహదారిపై టైరు ప్రేలినదని వినుచుందుము గదా. వానిలో కొన్నిటికి నాంది ఎన్నో వారములకు పూర్వము ఇంటి ముంగిట తరిగిన గాలియే. బయటికి బాగుగనే కనబడు టైరును ఊడదీసినప్పుడు లోపల నల్లని రబ్బరు పొడి రాలినచో, అది గాలి లేక నడిచి లోపల నలిగినదని గుర్తు. అట్టి టైరును మరల ఎక్కించరాదు.

ఇక ట్యూబు లేని టైరు గాలిని ఎట్లు నిలుపుకొనుచున్నదో కొంచెము తెలిసికొందము. 1952లో అమెరికాలో గుడ్రిచ్ కంపెనీలో పనిచేయు ఫ్రాంక్ హెర్జెగ్ అను నతనికి ఇట్టి టైరుపై పేటెంటు లభించినది. 1955 నాటికి ఆ దేశపు కొత్త కార్లలో అది సామాన్యమైపోయినది. పోత అల్యూమినియపు చక్రము అంతకంటెను పాతది. 1924లోనే బుగాటీ వారు తమ పందెపు కారుకు దానిని అమర్చిరి. మన గ్రామములకు మాత్రము ఈ రెండును మోటారు సైకిలు మీదనే ఎక్కువగా వచ్చినవి.

ట్యూబు లేని టైరు లోపల గాలి త్వరగా చొరరాని బ్యూటైలు జాతి రబ్బరు పొర ఒకటి ఉండును. టైరు రెండు అంచులలోను ఉక్కు తీగెల కట్ట పొదిగిన గట్టి వలయముండును. దానిని బీడు అందురు. గాలి నిండినప్పుడు ఆ వలయము రిమ్ము అంచునకు గట్టిగా ఒత్తుకొని, కుండకు వాసెన కట్టినట్లు మూసికొనును. కావున గాలి పోవలెనన్న దారులు నాలుగే: టైరుకు పడిన చిల్లు, వాల్వు, బీడు కూర్చున్న అంచు, చక్రపు లోహము. ఉక్కు రేకు చక్రమైనచో నాలుగవ దారి సామాన్యముగా ఉండదు. అల్లాయ్ చక్రమునకు అది యున్నది. మూడవ దారియు అల్లాయ్ చక్రములో మరింత తరచుగా తెరచుకొనును. ఈ రెండింటిని గూర్చియే మేము ముఖ్యముగా చెప్పదలచినాము.

మొదట నిజముగా గాలి పోవుచున్నదా అని తేల్చుకొనవలెను. మంచి టైరులో కూడ రబ్బరు గుండ నెలకు ఒకటి రెండు పౌండ్ల గాలి తగ్గుట సహజము. చలి పడినను ఒత్తిడి తగ్గును. అయిదారు డిగ్రీల చలికి సుమారు ఒక పౌండు చొప్పున లెక్క. అక్టోబరు మధ్యాహ్నము 32 పౌండ్లు కొట్టించి, పుష్యమాసపు తెల్లవారుజామున చూచినచో 29 కనబడవచ్చును. అరకు వైపున, ఆదిలాబాదు వైపున ఇంకను తగ్గును. నాలుగు చక్రములును సమముగా తగ్గినచో అది చలి. ఒక్క చక్రమే తక్కిన వానికంటె వెనుకబడినచో అది కారుట. గాలి కొలుచు చిన్న గేజి ఒకటి సొంతముగా కొనుక్కొని, ఉదయము బండి కదలక ముందే కొలిచి, అంకెలను గోడమీది క్యాలెండరులో వ్రాయుడు. ఒక దుకాణపు గేజికి మరొక దుకాణపు గేజికి పొంతన ఉండదు గనుక ఎప్పుడును ఒకే గేజితో కొలువవలెను. ఎంత గాలి ఉంచవలెనో కారు తలుపు ప్రక్క స్తంభముపైనను, మోటారు సైకిలుకు గొలుసు కప్పుపైనను అంటించిన చీటిలో సాధారణముగా ఉండును. టైరు ప్రక్కన అచ్చు వేసిన అంకె ఆ టైరు భరింపగల గరిష్ఠపు ఒత్తిడి. దానిని చూచి గాలి కొట్టించుట పొరబాటు.

కారుచున్నదని తేలిన పిమ్మట చోటు వెదకవలెను. ఇందుకు నాలుగు కుంకుడుకాయలు కొట్టి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి పిసికిన రసము చాలును. బట్టల సబ్బు నీరు కూడ పనికివచ్చును గాని, కుంకుడు నురుగు జిగటగా నిలిచి, అతి సన్నని బుడగను కూడ పట్టి చూపును. పట్టణమునుండి వచ్చిన యువకుడొకడు మా దుకాణములో ఈ రసమును చూచి నవ్వెను. అతని కారు వాల్వు మొదట బుడగ లేచిన తరువాత నవ్వలేదు. టైరులో నియమిత ప్రమాణమునకు గాలి నింపి, పాత గుడ్డతో రసమును పూసి, ఓపికగా చూడుడు. పెద్ద చిల్లు వెంటనే బుస్సుమని నురుగు కట్టును. నెమ్మదిగా కారు చోట మూడు నాలుగు నిమిషములకు చీమ గ్రుడ్ల వంటి తెల్లని చిన్న బుడగలు గుంపు కట్టును. తొందరపడి నీరు చల్లి కడిగివేసినచో ఏమియు కనబడదు.

వాల్వుతో ప్రారంభించుట మేలు. అది చౌక, సులభము. మూత తీసి నోటిపై రసము చుక్క ఉంచుడు. బుడగ ఉబ్బినచో లోపలి పిన్ను వదులైనది, లేదా దుమ్ము పట్టినది. పిన్ను కీతో కొంచెము బిగించి చూచి, అప్పటికిని ఉబ్బినచో కొత్త పిన్ను వేయించవలెను. పిమ్మట రబ్బరు కాడను వ్రేలితో నాలుగు వైపులకు మెల్లగా వంచి, దాని మొదట రసము పూయుడు. ఎండకు బీటలు తీసిన కాడ వంచినప్పుడు మాత్రమే గాలి వదలును. నిలువుగా ఉన్నప్పుడు మంచిదానివలె నటించును. కొత్త టైరు వేయించినప్పుడెల్ల కొత్త వాల్వు కూడ వేయించుట మంచిది. మూత లేక తిరుగు బండ్లు మన ఊళ్లలో సగముండును. ఆ మూత అలంకారము కాదు. ఇసుకను, బురదను లోపలికి పోనీయకుండుటకు పెట్టినది.

వాల్వు నిర్దోషియైనచో టైరు నేలకానెడి భాగమును అంగుళము అంగుళముగా త్రిప్పుచు చూడవలెను. తరువాత రిమ్మును టైరును కలియు అంచునందు చుట్టును రసము పోయవలెను. వెలుపలి అంచుతో ఆగరాదు. కారులో కారుట తరచుగా లోపలి అంచుననే ఉండును, అది చక్రము విప్పిననే గాని కనబడదు. సమతలమైన నేలపై బండి నిలిపి, చేతి బ్రేకు వేసి, ఎదుటి చక్రమునకు రాయి అడ్డము పెట్టి, బోల్టులను ముందుగా కొద్దిగా వదులు చేసి, ఆపైననే జాకీ ఎత్తుడు. జాకీమీద ఉన్న బండి క్రింద తల దూర్చరాదు. మోటారు సైకిలు చక్రమైనచో విప్పి కుడితి తొట్టివంటి దానిలో నీరు నింపి ముంచుటయే ఉత్తమము. తిరిగి నింపునప్పుడు పశువులు త్రాగు తొట్టిని బాగుగా కడుగుట మరవకుడు.

అల్లాయ్ చక్రముల విషయములో మేము చూచిన నెమ్మది కారుటలలో ఎక్కువభాగము ఈ అంచువద్దనే తేలినవి. కారణమేమనగా, అల్యూమినియము సహజముగా తనపై తాను సన్నని పొరను కప్పుకొని రక్షించుకొను లోహము. కాని ఉప్పు తగిలినచో ఆ పొర చెడును. రిమ్ముమీది రంగు ఎక్కడ గీచుకొనిపోయినను ఉప్పునీరు అక్కడ చేరి, రంగు క్రిందనుండి లోహమును తినుచు పోవును. తిన్న చోట తెల్లని పొడి ఏర్పడి, రంగును పైకి ఎత్తి, టైరు బీడును రిమ్మునుండి వెంట్రుకవాసి దూరము చేయును. ఆ వెంట్రుకవాసి సందు చాలును.

ఇచ్ఛాపురము మొదలు తడ వరకు మన కోస్తా అంతటను ఉప్పు గాలి ఉన్నది. భీమవరము ప్రాంతమున రొయ్యల చెరువు గట్లపై తిరుగు మోటారు సైకిళ్లను, రొయ్యల పెట్టెలనుండి ఉప్పునీరు కారుచుండగా నడచు బండ్లను చూడుడు. వాని రిమ్ములు మూడవ యేటనే పొడి కట్టును. తీరమునకు దూరముగా ఉన్నవారికి భయము లేదనుకొనరాదు. మనము బండి వెనుక వేసికొని పోవు పొటాషు ఎరువు కూడ ఒక ఉప్పే. బస్తా చిరిగి రిమ్ముపై రాలిన పొటాషు వాన తుంపరకు కరగి అంచున చేరును. చక్రములు మెరయుటకై ఆసిడ్ వేసి కడుగు అలవాటు కొన్నిచోట్ల ఉన్నది, అదియు ఇట్లే రంగును తినివేయును. ఎరువు తెచ్చిన దినమున రెండు చెంబుల మంచినీరు చక్రముపై పోసినచో ఎంతో ఆయుర్దాయము.

ఇంకొక కారణమును మేమే, అనగా మా వృత్తివారమే, కలిగించుచున్నాము. ఇనుప లీవర్లు దూర్చి టైరును పెరుకుట ఉక్కు రిమ్ముల నాటి అలవాటు. అల్యూమినియము మెత్తనిది. లీవరు పడిన ప్రతి చోట రంగు లేచి, గాటు పడును. బీడు రబ్బరు చిరుగును. కావున అల్లాయ్ చక్రమును టైరు మార్చు యంత్రమున్న దుకాణమునకే తీసికొని పోవలెను. పది మైళ్లు ఎక్కువైనను సరే.

అంచు తెల్లబారిన చక్రమును బాగుచేయు పద్ధతి ఇది. టైరును పూర్తిగా దింపి, రిమ్ములో బీడు కూర్చుండు చోటంతయు చుట్టును చూచి, ఉబ్బిన రంగును, తెల్ల పొడిని తీగెల బ్రష్షుతోను, సన్నని ఎమరీ కాగితముతోను నిదానముగా తీయవలెను. గట్టి లోహము మెరయువరకు తీయుటయే గాని లోతుగా చెక్కరాదు. మేము ఈ వృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో ఒకరి రిమ్మును త్వరగా ముగించవలెనను ఆత్రముతో గ్రైండరు రాయి పెట్టితిమి. నిమిషములో పొడి పోయినది, దానితోబాటు లోహమును పోయి గాడి పడినది. వారమునకు అయిదు పౌండ్లు పోవు చక్రము రెండు దినములకే నేల కరచినది. ఆ రిమ్ము ఖరీదు మేము చెల్లించుకొంటిమి. అప్పటినుండి ఆ పనికి మా దుకాణములో గ్రైండరు ముట్టలేదు.

శుభ్రపడిన లోహమును తుడిచి ఆరబెట్టి, పలుచగా ప్రైమరు, రంగు వేసి పూర్తిగా ఆరనీయవలెను. రంగు లేక విడిచినచో ఏడాదికే మరల పొడి కట్టును. టైరు బీడునకు అంటుకొనిన పాత పొడిని కూడ తుడిచి, అది చిరగలేదని చూచుకొని, బీడు సీలరను నల్లని ద్రవమును పలుచగా పూసి ఎక్కించవలెను. దాని బదులు గ్రీజు పూయువారున్నారు. గ్రీజు రబ్బరునకు శత్రువు. బీడు కూర్చుండుటకు గాలి కొట్టునప్పుడు 40 పౌండ్లు దాటనీయరాదు. అప్పటికిని కూర్చుండనిచో గాలి వదలి, సబ్బు రాచి, మొదటినుండి ప్రయత్నించవలెను. పెట్రోలు చల్లి నిప్పంటించి బీడును కూర్చోబెట్టు వింత కొందరు చేయుచున్నారు. కన్నులు, చేతులు ఉన్నవారు చేయదగిన పని కాదది. చివరకు చక్రమును తూచి సమతూకము చేయించవలెను. అంచునకు కొక్కెముతో తగిలించు బరువుల క్రిందను తుప్పు మొదలగును గనుక, లోపలి ముఖమున అంటించు బరువులు మేలు.

ఇక లోహము సంగతి. మన చక్రములు చాలవరకు అల్యూమినియములో నూటికి సుమారు 7 పాళ్లు సిలికాను, కొద్దిగా మెగ్నీషియము కలిపి పోసినవి. కరగిన అల్యూమినియములో హైడ్రోజను వాయువు ఇమిడియుండి, గడ్డకట్టునప్పుడు సూది మొనవంటి బుడగలను విడుచును. పైనున్న రంగు వానిని కప్పియుంచును. రంగు పోయిన పాత చక్రములో గాలి ఆ సూది బెజ్జముల గుండ దారి చేసికొనవచ్చును. అట్టి పోత లోపము చిన్నదైనచో లోపలి వైపున శుభ్రపరచి ఎపాక్సీ పూత వేసినచో గాలి నిలుచును. అయితే అది బెజ్జమే గాని పగులు కాదని ముందు రూఢిపరచుకొనవలెను. దీనికి పాత పద్ధతి ఒకటి ఉన్నది. అనుమానమున్న చోట బయటివైపు తడి సున్నము పూసి ఆరనిచ్చి, లోపలివైపు కిరసనాయిలు రాయుడు. కిరసనాయిలు ఇప్పుడు దొరకనిచో డీజిలుతో చేయవచ్చును. గంట తరువాత సున్నముపై తడి చుక్క కనబడినచో బెజ్జము. గీత కనబడినచో పగులు. పరీక్ష ముగిసిన పిదప ఆ నూనెను పూర్తిగా తుడిచి కడిగిననే గాని పూత అంటదు.

పగిలిన చక్రమును వెల్డింగు చేయించి వాడుచున్న వారు మీలో ఉన్నచో, వారితో మేము నిర్మొగమాటముగా మాట్లాడవలసియున్నది. ఈ చక్రమును కర్మాగారములో సుమారు 540 డిగ్రీల వరకు కాచి, చల్లార్చి, మరల మితమైన వేడిలో ఉంచి బలమిచ్చుచున్నారు. వెల్డింగు మంట ఆ బలమును ఆ చోట తుడిచివేయును. గాలి నిలుచును, నిజమే; చక్రము నిలుచునను హామీ లేదు. గుంతలో పడి వంగిన అంచును గ్యాసు మంటతో కాచి సుత్తితో సరిచేయుటయు ఇట్టిదే. కారు రిమ్ము లోపలి అంచు కొద్దిగా సొట్టపడినచో తగిన యంత్రముతో సరిచేయువారు పట్టణములలో ఉన్నారు. మోటారు సైకిలు ముందు చక్రము పగిలినచో మాత్రము మరమ్మతు మాట తలపెట్టక మార్చుటయే.

"ఇంత శ్రమ యెందులకు, లోపల ట్యూబు వేసినచో పోలేదా?" అని మీరడుగుదురు. మా వద్దకు వచ్చువారు చాలమంది అదియే అడుగుదురు. ట్యూబు వేసినచో కారుట ఆగును. కారుటకు కారణమైన పగులు అట్లే లోపల పెరుగుచుండును, దానిని మనకు తెలుపు గుర్తు మాత్రము మాయమగును. ట్యూబుకు మేకు దిగినచో గాలి నెమ్మదిగా గాక ఒక్కసారిగా పోవును. ఊరు చేరుటకు ఒక దినము వేసికొనుట వేరు, దానినే స్థిరపరచుట వేరు. టైరులో పోయు ద్రవములును తాత్కాలికములే. చిల్లు టైరు మధ్య పట్టీలో ఉండి, ఆరు మిల్లీమీటర్లకు మించనిచో లోపలినుండి వేయు పుట్టగొడుగు అతుకు శాశ్వతముగా నిలుచును. ప్రక్క గోడలో చిల్లు పడినచో అతుకు లేదు.

2020లో కేంద్ర ప్రభుత్వము నిబంధనలను సవరించి, ట్యూబు లేని టైర్లు, గాలి తగ్గినచో తెలుపు పరికరము, మరమ్మతు సామగ్రి ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదన్నది. కావున కొత్త కారు కొనినవారు డిక్కీ తెరచి స్టెప్నీ ఉన్నదో లేదో ఈ రాత్రియే చూచుకొనుడు. ఉన్నచో దాని గాలి కూడ కొలువుడు.

వేపచెట్టు క్రింద పెద్ద తొట్టిలో నీరు నింపించితిమి. కుంకుడు రసము గిన్నెలో ఉన్నది. క్రుంగి నిలిచిన ఆ రెండు బండ్ల యజమానులు మొగమాటము విడిచి తాళపు చెవులు తెచ్చినచో, ఆ చక్రములనే విప్పి అందరి యెదుట ముంచి చూతము. దీపము పట్టుకొనుటకు ఇద్దరు పిల్లలు ముందుకు రండు.